మొండి: తెగిన చోట పుట్టిన మాట

మొండి అచ్చతెలుగు మాట. కొసో, అంచో, అవయవమో పోగా మిగిలినదాన్ని మొండి అంటారు. తల తెగిన శరీరం మొండెం. కప్పు కూలాక వానకు నానుతూ నిలిచినవి మొండిగోడలు. వేళ్లు లేని చెయ్యి మొండిచెయ్యి. అందులో ఇచ్చేందుకు ఏమీ ఉండదు కనుకనే, ఆశపెట్టి ఎగ్గొట్టడాన్ని మొండిచెయ్యి చూపడం అన్నారు.

మనిషి స్వభావానికి ఈ మాట ఎలా అంటుకుందో మొండికత్తిని చూస్తే తెలుస్తుంది. పదును పోయిన కత్తితో గుమ్మడికాయ కోయబోతే, ఎంత అదిమినా అంచు తొక్క మీద జారుతుందే తప్ప లోపలికి దిగదు. బలమంతా పెట్టినవాడి మణికట్టు నొప్పెడుతుంది, పని మాత్రం జరగదు. మొండిమనిషికి నచ్చజెప్పబోయినవాళ్ల అవస్థ అచ్చంగా ఇదే. కన్నడంలోనూ ‘మొండు’కు మొద్దుబారినది, పట్టు విడవనిది అనే రెండర్థాలూ ఉన్నాయి. ఈ పోలిక తెలుగువాళ్లకు మాత్రమే తట్టింది కాదన్నమాట.

ఎద్దు కాడి కింద చతికిలబడి, తోక మెలిపెట్టినా లేవకపోతే ‘మొండికేసింది’ అంటారు రైతులు. మందుకు లొంగనిది మొండిరోగం. బ్యాంకు అప్పు వాయిదా 90 రోజులు దాటినా కట్టకపోతే అది నిరర్థక ఆస్తి. పత్రికలు దానికి పెట్టిన పేరు మొండి బకాయి. ఆర్థికశాస్త్రం చదవనివాళ్లకూ ఇట్టే అర్థమయ్యే, చక్కగా కుదిరిన పేరు అది. మొండిధైర్యం అన్నప్పుడు మాత్రం ఈ మాటలో కాస్త మెచ్చుకోలు వినిపిస్తుంది. మొండివాడు రాజుకంటే బలవంతుడన్న సామెతలోనూ అంతే.

పట్టుదల దారి వేరు. అందులోని ‘దల’ శిరస్సు అనే అర్థమున్న తల కాదు. పెరుగుదల, విడుదలల్లో ఉన్న ప్రత్యయమే. పట్టినది వదలకపోవడం పట్టుదల. అది మెచ్చుకోలు మాట. మొండిపట్టుకు వాడే హఠం సంస్కృత పదం, దానికి బలవంతం అని అర్థం. హఠాత్తు కూడా అందులోంచి వచ్చిందే.

తెలంగాణ ఇళ్లలో పిల్లలు చేసేది జిద్దు. ఉర్దూ మీదుగా చేరిన ఈ అరబ్బీ మాటకు మూలంలో ‘విరుద్ధం’ అని అర్థం. అందుకే జిద్దుకు ఎదుట ఎవరో ఒకరుండాలి. అమ్మ వద్దన్నది కాబట్టే ఆ బొమ్మ కావాలి.