పడవయంత్రము వేడెక్కుట

పడవ వెనుక బిగించు ఔట్‌బోర్డు మోటారు, మిల్వాకీ నగరమున ఓలే ఎవిన్‌రూడ్ 1909లో నిర్మించి విక్రయించిన పిమ్మట వ్యాప్తికి వచ్చెను. ఇట్టి యంత్రములలో పెక్కింటిని చల్లార్చునది పడవ క్రింది నీరే. మునిగియుండు భాగమందలి రంధ్రములగుండ నీరు ప్రవేశించును. రబ్బరు రెక్కల చక్రము దానిని పైకి తోడును. అది సిలిండరు చుట్టును తిరిగి, వేడిని గైకొని వెలికి పోవును. అందు కొంత సన్నని ధారగా వెనుక కనబడును.

చదువరులారా! ఆ ధార యంత్రమునకు నాడి వంటిది. అది క్షీణించినచో తక్షణమే యంత్రము నాపవలయును. ఒడ్డు దగ్గరనే యున్నదిగదా యని నడపినచో పిస్టను ఉబ్బి సిలిండరులో బిగిసిపోవును. పిమ్మట తెడ్డే గతి.

ఆపిన వెనుక నీటి దారిని వరుసగా శోధింపవలయును. మొదట రంధ్రములకు నాచుగాని వలపోగులుగాని యడ్డుపడినవేమో చూడవలెను. పిదప ధార వెడలు గొట్టమును సన్నని తీగతో శుభ్రపరుపవలెను. అప్పటికిని ధార రానిచో, ఒడ్డు చేరిన పిమ్మట రబ్బరు చక్రమును పరీక్షింపవలయును. పాతబడిన రెక్కలు గట్టిపడి విరుగును. ఆ తునుకలు పైదారిలో చిక్కుకొనును గాన వానినన్నిటిని వెదకి తీసి, క్రొత్త చక్రము నమర్పవలెను.

ధార బాగుండియు వేడి తగ్గనిచో, థెర్మోస్టాటు తెరచుకొనకుండుటయో, లోపల ఉప్పు పేరుకొనుటయో, టూస్ట్రోకు యంత్రమైనచో పెట్రోలులో కలుపు నూనె తగ్గుటయో కారణము కావచ్చును.

ఉప్పునీట తిరిగి వచ్చిన ప్రతిసారియు మంచినీటిని లోపల పారింపవలయును. నీరు లేక యంత్రమును త్రిప్పరాదు. ఒడ్డున చేసిన యీ కొలదిపాటి శ్రమయే నడిసముద్రమున ప్రాణరక్షణము.