ఎండిన ఆహారం, చిన్నదైన కడుపు

కామారెడ్డి నుంచి గాని, ఎల్లారెడ్డి నుంచి గాని హైదరాబాదు వెళ్ళి, బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకొని తిరిగివచ్చిన మనిషికి అసలు పరీక్ష ఇంటి దస్తర్‌ఖాన్ దగ్గర మొదలవుతుంది. ఆస్పత్రిలో కొలిచి పెట్టేవారుంటారు. ఇంట్లో ప్రేమతో వడ్డించేవారుంటారు. "ఒక్క ముద్దే కదా" అని బతిమాలే అమ్మీ, ఖాలా, ఫుప్పీ ఉంటారు. ఆ మొహమాటం తప్పించుకోవడానికో, ప్రయాణంలో వీలుగా ఉంటుందనో ఫ్రీజ్ డ్రైడ్ ఆహారపు పొట్లాలు తెప్పించుకునేవారూ ఉన్నారు. చేతికి తేలికగా ఉన్నది కడుపుకు కూడా తేలికే అన్న భావన దీని వెనుక ఉంది. ఆ భావనను సరిచేసుకోవలసి ఉంది.

ముందుగా ఆ ఆహారం ఎలా తయారవుతుందో తెలుసుకుందాం. వండిన పదార్థాన్ని గాని, పండ్లను గాని గడ్డకట్టిస్తారు. తర్వాత గాలిని తొలగించిన గదిలో ఉంచి, ఆ మంచు నీరుగా కరగకుండానే ఆవిరైపోయేటట్లు చేస్తారు. మన ఇళ్ళలో వంకాయ, మామిడి ఒరుగులను ఎండలో పెట్టినప్పుడు ముక్క ముడుచుకుపోతుంది. ఈ పద్ధతిలో ముక్క ఆకారం దాదాపు అలాగే నిలిచి, లోపల సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. అందువల్లనే నీరు తగలగానే త్వరగా పీల్చుకుంటుంది. చాలామంది ఇళ్ళలో ఉండే ఇన్‌స్టంట్ కాఫీ పొడిలో కొన్ని రకాలు ఇలా తయారైనవే.

ఇందులో గుర్తుంచుకోవలసిన విషయం ఒక్కటే: పోయింది నీరు మాత్రమే. తక్కినవన్నీ అక్కడే ఉన్నాయి.

ఇక శస్త్రచికిత్స సంగతి. స్లీవ్ పద్ధతిలో కడుపులో సుమారు 75 నుంచి 80 శాతం భాగాన్ని తొలగిస్తారు. బైపాస్ పద్ధతిలో పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని మాత్రమే మిగిల్చి, దానిని పేగుకు కలుపుతారు. మొదట ద్రవాలు, తర్వాత మెత్తగా రుబ్బినవి, ఆపైన మృదువైనవి, చివరకు గట్టి ఆహారం అన్న క్రమంలో కొన్ని వారాలు గడవాలి. భోజనంతో పాటు నీరు తాగరాదని, తిన్న తర్వాత సుమారు 30 నిమిషాలు ఆగాలని వైద్యులు చెబుతారు.

ఇక్కడే చిక్కు వస్తుంది. పొడి ముక్కలను అలాగే నమిలి మింగితే అవి లోపల నీటిని పీల్చి ఉబ్బుతాయి. చిన్న సంచిలో నొప్పి, వాంతి కలుగుతాయి. భోజనంతో నీరు తాగకూడదు కనుక, ఆ నీటిని ముందే ఆహారానికి తాగించాలి. మాంసం, పప్పు వంటివాటిని వేడి నీటిలో పూర్తిగా నానబెట్టి, మెదిపి, చిన్న చెంచాతో నిదానంగా తినాలి. వాంతులు ఆగకుండా కొనసాగితే ఇంటి చిట్కాలతో కాలయాపన చేయరాదు. బి1 విటమిన్ లోపించి నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళాలి.

రెండవది తీపి. చెరకు రసాన్ని కాచి బెల్లం వండే కామారెడ్డి ప్రాంతం వారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు: నీరు ఇగిరిన కొద్దీ తీపి చిక్కబడుతుంది. 100 గ్రాముల మామిడిపండు గుజ్జులో సుమారు 14 గ్రాముల చక్కెర ఉంటుంది. నీరు పోయాక ఆ గుజ్జు 17 గ్రాములకు దిగుతుంది. చక్కెర 14 గ్రాములూ అలాగే ఉంటుంది. కరకరలాడే ఆ ముక్కలు నోట్లో కరిగిపోతాయి, కడుపు నిండినట్లు అనిపించదు, పొట్లం ఖాళీ అవుతుంది. ముఖ్యంగా బైపాస్ చేయించుకున్నవారిలో తీపి ఒక్కసారిగా పేగులోకి జారితే గుండెదడ, చెమటలు, కళ్ళు తిరగడం, విరేచనాలు కలుగుతాయి. తగ్గిన బరువు మెల్లగా తిరిగి రావడానికి కూడా ఇదొక దారి.

అదే సూత్రం మాంసకృత్తుల విషయంలో మేలు చేస్తుంది. శస్త్రచికిత్స తర్వాత రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అవసరమని సాధారణంగా సూచిస్తారు. చర్మం లేని కోడి రొమ్ము మాంసం వండినది 100 గ్రాములైతే అందులో సుమారు 30 గ్రాములుంటాయి. నీరు తీసినా అవి పోవు. బస్సు ప్రయాణంలో, పెళ్ళి విందులో తగిన ఆహారం దొరకనప్పుడు అటువంటి పొట్లం ఆదుకుంటుంది. అయితే ఉప్పు ఎంత ఉందో పొట్లంపై చదవాలి. ఈ పద్ధతి సూక్ష్మజీవులను చంపదు, నిద్రపుచ్చుతుంది. కనుక నానబెట్టినదానిని నిలవ ఉంచక వెంటనే తినాలి.

హలాల్ విషయంలోనూ ఇదే మాట. నీరు తొలగినంత మాత్రాన మాంసం స్థితి మారదు. హలాల్ కానిది ఎండినా హలాల్ కాదు. పొట్లంపై గోధుమరంగు గుర్తు అది మాంసాహారమని తెలుపుతుందే గాని, జిబహ్ ఎలా జరిగిందో చెప్పదు. విటమిన్ గొట్టాల పైపొరలో, కొన్ని మిఠాయిలలో జెలటిన్ ఉంటుంది. అది దేని నుంచి తీసినదో విచారించాలి. అలాగని జీవితాంతం వాడవలసిన విటమిన్లను మానివేయరాదు. మాత్ర రూపంలో ఇమ్మని వైద్యుని అడగవచ్చు.

రమజాన్‌లో సహ్రీకి పొడి ఆహారం సులువనిపించవచ్చు. కాని పగలంతా నీరు లేని శరీరానికి అది మరింత దాహం తెస్తుంది. కొద్దికొద్దిగా మాత్రమే తాగగలిగినవారికి రాత్రి గంటలలో తగినంత నీరు అందడం కష్టం. రోగికి షరీఅత్ ఇచ్చిన సడలింపు ఇటువంటి సందర్భానికే. వైద్యుని మాట విని ఆ సడలింపును స్వీకరించడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

పొట్లం ప్రయాణానికి తోడు మాత్రమే. ఇంటికి ఇంటి వంటే మేలు. మెత్తని పప్పు, సన్నని ఖీమా, ముల్లు తీసిన చేప, ఉడికిన గుడ్డు, పెరుగు మన వంటగదిలోనే ఉన్నాయి. కోత ఒకరి కడుపుకే జరిగినా, అలవాటు మార్చుకోవలసినది ఇల్లంతా. వడ్డించే తల్లులకు, అక్కచెల్లెళ్ళకు ఒక మనవి: అతని ముందు చిన్న గిన్నె, చిన్న చెంచా ఉంచండి. అరగంట సేపు తిననివ్వండి. ఇక చాలని అతను చేయి తీసినప్పుడు మరో ముద్ద కోసం బలవంతం చేయకండి. అతనికి వేరే గదిలో ఒంటరిగా పొట్లం విప్పుకొనే అవసరం అప్పుడు ఉండదు.