కంఠత వాక్యం బుధవారానికి ఎటు పోతుంది?

శనివారం రాత్రి ఇరవైసార్లు వల్లించి, ఆదివారం సండే స్కూల్లో గడగడా అప్పజెప్పిన వాక్యం బుధవారానికి పిల్లవాడి నోట రాదు. బహుమతి మాత్రం బీరువా మీద ఉంటుంది. తప్పు పిల్లవాడిది కాదు. అప్పుడే విన్నదాన్ని పట్టి ఉంచే చోటు మన మెదడులో చాలా ఇరుకు. ఒకేసారి ఏడు అంశాలు, అటూ ఇటూగా, పడతాయని అమెరికా మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాశారు. ఫోన్ నంబరును ముక్కలు చేసి చెప్పుకునేది అందుకే. ఏదైనా కలకాలం నిలవాలంటే అది పాతవాటితో ముడిపడాలి. ఆ ముడి వేసే పనిలో హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగానిది పెద్ద పాత్ర.

ముడులు గట్టివైతే ఎంత నిలుస్తుందో మన గోదావరి సీమవారే చూపించారు. కడియంలో 1870లో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, భీమవరం దగ్గర యండగండిలో 1872లో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి జంటగా శతావధానాలు చేశారు. నూరుమంది అడుగుతారు, ఒక్కొక్కరికి ఒక్కో పాదం చొప్పున నాలుగు విడతల్లో పద్యాలు పూర్తిచేసి, చివర నూరు పద్యాలూ కాగితం లేకుండా అప్పజెప్పాలి. అసాధారణమే కానీ మాయ కాదు. పద్యమే సాయం చేస్తుంది. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు. మొదటి అక్షరానికి పదో అక్షరం మైత్రి కుదరాలి. రెండో అక్షరంలో నాలుగు పాదాల్లోనూ ఒకే హల్లు రావాలి. తప్పు మాట అక్కడ ఇమడదు.

వాక్యానికి ఆ ఆసరా లేదు కనుక మనమే ఇవ్వాలి. ముందు అర్థం చెప్పండి. సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి పుస్తకం మూసి అడగండి. నేర్చిన తొలి గంటల్లోనే మరుపు జోరెక్కువనీ, రోజుల తేడాతో నేర్చినది తక్కువ శ్రమతో నిలుస్తుందనీ జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హాస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో తేల్చారు.

కీర్తనకు రాగం, తాళం, ప్రాస అన్నీ ఉన్నాయి. అందుకే మనుమడి పేరు గుర్తురాని మామ్మగారు ఆరాధనలో చరణాలన్నీ పాడేస్తారు. "మర్చిపోయినట్టు నటిస్తోంది" అని ఇంట్లో అనడం అన్యాయం. అల్జీమర్స్ జబ్బు సాధారణంగా ముందుగా దెబ్బతీసేది హిప్పోక్యాంపస్‌నూ దాని చుట్టుపక్కలనూ. కొత్త సంగతులు నిలవనిది అందుకే. చిన్ననాడు వందలసార్లు పాడిన పాట చాలామందిలో ఎంతోకాలం మిగులుతుంది. "నేనెవరో చెప్పు" అని ఆవిడకు పరీక్ష పెట్టకండి. మీ పేరు మీరే చెప్పి, పల్లవి అందించి, కాసేపు ఆగండి.