40 వేలలో డెస్క్‌టాప్: బాబాయ్ చీటీ డబ్బులతో మేం కట్టిన పీసీ

"ఏరా, ఐ7 అంట, 28 వేలకే ఇస్తానంటున్నాడు. తీసేసుకోమంటావా?"

2025 జూలై నెలాఖరులో ఓ శనివారం పొద్దున్నే తెనాలి నుంచి మా బాబాయ్ ఫోన్. తమ్ముడికి బీటెక్ కంప్యూటర్ సైన్స్‌లో సీటొచ్చింది. క్లాసులు మొదలయ్యేలోపు ఇంట్లో సిస్టమ్ ఉండాలి. బాబాయ్‌ది బైక్ మెకానిక్ షెడ్డు. దీనికోసమే చీటీ పాడి 40 వేలు పక్కన పెట్టాడు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని కాబట్టి కంప్యూటర్ విషయంలో మా ఇళ్లలో నా మాటే ఫైనల్. అందుకే భయం కూడా నాకే ఎక్కువ. తేడా వస్తే పోయేది నా డబ్బు కాదు.

"ఆగు బాబాయ్, అడ్వాన్స్ ఇవ్వకు. ముందు ఆ కొటేషన్ ఫొటో తీసి పంపించు" అన్నా.

ఆ ఫొటోతో మొదలుపెట్టి, 40 వేలలో ఏం కొన్నాం, ఎందుకు కొన్నాం, ఇప్పుడు ర్యామ్ రేట్లు పెరిగాక మీరైతే ఏం చేయాలి అన్నది ఈ ఆర్టికల్‌లో చెప్తాను.

పేరు గొప్ప, ఊరు దిబ్బ

కొటేషన్‌లో ఉన్నది ఇది: కోర్ ఐ7, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్, రంగురంగుల లైట్ల క్యాబినెట్. కింద "గేమింగ్ పీసీ" అని రాసుంది. చూడ్డానికి అదిరిపోయింది. కానీ ఏ జనరేషన్ ఐ7 అన్నది ఎక్కడా లేదు. తమ్ముడు షాపుకి వెళ్లి పూర్తి మోడల్ నంబర్ అడిగితే తేలింది: ఐ7-3770.

అది 2012లో వచ్చిన ప్రాసెసర్. మనవాడు అప్పుడు కిండర్ గార్టెన్‌లో ఉన్నాడు. నంబర్‌లో మొదటి అంకె 3 అంటే మూడో జనరేషన్ అని అర్థం. 2022లో వచ్చిన ఐ3-12100 పన్నెండో జనరేషన్. రెండిట్లోనూ నాలుగే కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. కానీ స్పీడులో ఈ "చిన్న" ఐ3 ముందు ఆ "పెద్ద" ఐ7 నిలబడలేదు. ఇక 4 జీబీ గ్రాఫిక్స్ అంటే జీటీ 730, అది 2014 నాటి కార్డు. దాన్లో మెమరీ ఎంతున్నా చిప్‌లో దమ్ము లేదు.

ఇంకో సమస్య కూడా ఉంది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ లేదా ఆ తర్వాతది ఉండాలి, టీపీఎం 2.0 ఉండాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగుస్తుందని అప్పటికే అందరికీ తెలుసు. అంటే ఫస్టియర్ ఫస్ట్ సెమిస్టర్‌లోనే పాతబడిపోయే సిస్టమ్ అన్నమాట.

పాత ప్రాసెసర్ అమ్మడం తప్పేం కాదు. సెకండ్ హ్యాండ్ అని చెప్పి, దానికి తగ్గ రేటుకి ఇస్తే కొనేవాళ్లు కొంటారు. కొత్తదన్నట్టు 28 వేలు చెప్పడమే అన్యాయం. కాబట్టి మొదటి రూల్ ఇది: ప్రాసెసర్, బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎంపీఎస్, ఈ నాలుగింటికీ పూర్తి మోడల్ నంబర్ రాసివ్వని కొటేషన్‌ని నమ్మొద్దు.

నాకెందుకంత భయం?

2017లో నేను ఫస్టియర్‌లో ఉన్నప్పుడు నాన్న 32 వేలు పెట్టి నాకొక అసెంబుల్డ్ సిస్టమ్ కొన్నారు. ప్రాసెసర్ మంచిదే. కానీ క్యాబినెట్‌తో పాటు "ఫ్రీ"గా వచ్చిన ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్స్ అని స్టిక్కర్ తప్ప ఇంకేం లేదు. రెండో వేసవిలో ఓ సాయంత్రం కరెంట్ పోయి వచ్చింది. టప్‌మని చప్పుడు, కాలిన వాసన. ఎస్ఎంపీఎస్ పోతూ పోతూ బోర్డుని కూడా తీసుకుపోయింది. రిపేరుకి 9 వేలయ్యాయి. నాన్న ఒక్క మాట కూడా అనలేదు. అందుకే నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ రోజు నేర్చుకున్నదే ఈసారి లెక్కకి ఆధారం. తక్కువ బడ్జెట్‌లో అన్నీ గొప్పవి రావు. అందుకని తర్వాత సులువుగా మార్చలేనివి, పోతే మిగతావాటిని కూడా లాక్కుపోయేవి ముందు మంచివి కొనాలి. తర్వాత ఎప్పుడైనా తగిలించుకోగలిగేవి ఇప్పుడు చిన్నవైనా, అసలు లేకపోయినా పర్లేదు.

ముందు ఒక ప్రశ్న: డెస్క్‌టాపే ఎందుకు?

తమ్ముడు డే స్కాలర్. పొద్దున కాలేజీ బస్సు, సాయంత్రం ఇల్లు. కాలేజీలో ల్యాబులున్నాయి. కాబట్టి డెస్క్‌టాప్ సరిపోతుంది. అదే డబ్బుకి పెద్ద స్క్రీన్, మంచి కీబోర్డు, పాడైతే ఒక్క పార్టే మార్చుకునే సౌకర్యం దొరుకుతాయి. మీరు హాస్టల్లో ఉంటే మాత్రం ఈ ఆర్టికల్ పక్కన పెట్టి ల్యాప్‌టాప్ చూసుకోండి. మంచం పక్కన డెస్క్‌టాప్ పెట్టుకుని, ప్రతి సెలవులకీ మోసుకెళ్లడం అయ్యే పని కాదు.

మేం కొన్న లిస్ట్

ఆదివారం తమ్ముడు రైలెక్కి హైదరాబాద్ వచ్చాడు. సోమవారం నేను లీవ్ పెట్టి ఇద్దరం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాం. అందరం సీటీసీ అనేది దాన్నే. నాలుగు షాపుల్లో ఒకే లిస్ట్ ఇచ్చి రేట్లు రాయించుకున్నాం, ఆన్‌లైన్ రేట్లు కూడా పక్కన పెట్టుకున్నాం. ఆ రోజు మాకు పడ్డ రేట్లు ఇవి:

ప్రాసెసర్, రైజెన్ 5 5600జీ: 10,800
మదర్‌బోర్డు, బీ450ఎం: 5,200
ర్యామ్, డీడీఆర్4 3200, 8 జీబీ స్టిక్స్ రెండు: 3,200
ఎస్ఎస్‌డీ, 500 జీబీ ఎన్‌వీఎంఈ: 2,900
పవర్ సప్లై, 550 వాట్స్ 80 ప్లస్ బ్రాంజ్: 3,600
క్యాబినెట్, రెండు ఫ్యాన్లతో: 2,200
మానిటర్, 22 అంగుళాల ఐపీఎస్, ఫుల్ హెచ్‌డీ, 100 హెర్ట్జ్: 6,300
కీబోర్డు, మౌస్: 900
యూపీఎస్, 600 వీఏ: 2,900
వైఫై డాంగిల్: 600

మొత్తం 38,600. మిగిలిన 1,400లో మధ్యాహ్నం బిర్యానీకి ఖర్చు పెడదామన్నాడు తమ్ముడు. "అది నా లెక్కలో. మీ నాన్న డబ్బులు మీ నాన్నకే ఇచ్చెయ్" అన్నా.

ఎందుకివే?

5600జీలో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. దీని అసలు బలం లోపలే ఉన్న వేగా గ్రాఫిక్స్. విడిగా కార్డు కొనక్కర్లేదు. వాలరెంట్, జీటీఏ 5 లాంటివి సెట్టింగ్స్ తగ్గించుకుని హాయిగా ఆడుకోవచ్చు. కొత్త భారీ గేమ్స్ మాత్రం దీనితో కాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. కూలర్ బాక్స్‌లోనే వస్తుంది, అది మరో ఆదా.

ఇంటెల్ వైపు ఐ3-12100 కూడా మంచి ఎంపికే. కోడింగ్‌కి ఢోకా లేదు, కానీ గేమ్స్‌కి దాని గ్రాఫిక్స్ వేగా కంటే వెనకబడే ఉంటుంది. ఒక జాగ్రత్త: రేటు తక్కువని 12100ఎఫ్ తెచ్చుకున్నారంటే చిక్కే. ఇంటెల్‌లో చివర ఎఫ్ అక్షరం ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టు. కార్డు లేకుండా మానిటర్‌లో బొమ్మే రాదు.

ర్యామ్ 16 జీబీ ఒక్క స్టిక్ కాకుండా ఎనిమిదివి రెండు ఎందుకంటే, లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, మన ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండు స్టిక్స్ ఉంటే డ్యూయల్ ఛానల్‌లో దారి రెండింతలవుతుంది. గేమ్స్‌లో ఆ తేడా కళ్లకి కనిపిస్తుంది.

పవర్ సప్లైకి 3,600 ఎక్కువే అనిపించొచ్చు. కార్డు లేని ఈ సిస్టమ్‌కి అంత సామర్థ్యం అక్కర్లేదు కూడా. కానీ థర్డ్ ఇయర్‌లో తమ్ముడు ఒక మధ్యరకం గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుంటే మళ్లీ ఇది మార్చక్కర్లేదు. యూపీఎస్ కూడా లగ్జరీ కాదు. మా వైపు కరెంట్ ఎప్పుడు పోతుందో చెప్పలేం. పని సేవ్ చేసుకుని షట్‌డౌన్ చేసేంత టైమ్ దొరికితే చాలు. కార్డు పెట్టిన రోజున మాత్రం దీన్ని పెద్దది చేయాలి.

ఇక విండోస్ లైసెన్స్. దానికి బడ్జెట్‌లో చోటు లేదు. షాపుల్లో క్రాక్ చేసిన కాపీ ఎక్కించి ఇస్తామంటారు, వద్దనండి. అందులో ఏముందో మీకూ తెలియదు, వాళ్లకీ తెలియదు. మేం లైనక్స్ మింట్ వేశాం. సీ, పైథాన్, జావా అన్నీ అందులో చక్కగా నడుస్తాయి. పైగా ఫస్టియర్‌లోనే టెర్మినల్ అలవాటైతే తర్వాత ఉద్యోగంలో పనికొస్తుంది. ఒక్క నష్టం, వాలరెంట్ లైనక్స్‌లో నడవదు. అది కావాలంటే విండోస్ కొనుక్కోవాల్సిందే. హార్డ్‌వేర్ మాత్రం విండోస్ 11కి రెడీగానే ఉంది.

బిల్లు మాట: బిల్లు లేకుండా తీసుకుంటే కొంత తగ్గుతుందని ఎవరన్నా చెప్తే తల ఊపొద్దు. రేపు పార్ట్ పోతే వారంటీకి అడిగేది బిల్లే. జీఎస్టీ బిల్లు మీద ప్రతి పార్ట్ సీరియల్ నంబర్ రాయించుకుని, ఫొటో తీసి దాచుకోండి. పాత స్టాక్ బోర్డైతే 5600జీని గుర్తుపట్టేలా బయోస్ అప్‌డేట్ చేసి ఇమ్మని అక్కడే అడగండి.

తెనాలిలో బిగించాం

షాపులో బిగించి ఇస్తామన్నా వద్దన్నాను. తమ్ముడే బిగించాలని నా పంతం. ఆ వీకెండ్ నేనూ తెనాలి వెళ్లా. హాల్లో దుప్పటి పరిచి, ఫోన్లో వీడియో పెట్టుకుని మొదలుపెట్టాం. రెండున్నర గంటల తర్వాత పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, కానీ మానిటర్ నల్లగానే ఉంది.

తమ్ముడి మొహం పాలిపోయింది. షెడ్డు నుంచి అప్పుడే వచ్చిన బాబాయ్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. నిజం చెప్పాలంటే నాక్కూడా గుండె జారింది. ప్లగ్ తీయించి, "ర్యామ్ తీసి మళ్లీ పెట్టు, రెండు వైపులా క్లిక్‌మనాలి" అన్నా. ఒక స్టిక్ ఓ పక్క సరిగ్గా దిగలేదు. గట్టిగా నొక్కాడు, క్లిక్‌మంది. ఈసారి బయోస్ స్క్రీన్ వచ్చింది.

"ప్లగ్ వదులైతే బండి కూడా అంతేరా. కొత్త ఇంజనైనా స్టార్ట్ అవ్వదు" అన్నాడు బాబాయ్ నవ్వుతూ.

బయోస్‌లోకి వెళ్లినప్పుడే ఒక పని చేసేయండి. ర్యామ్ ప్రొఫైల్ ఆన్ చేయకపోతే 3200 ర్యామ్ కూడా తక్కువ స్పీడులోనే నడుస్తుంది. ఎక్స్‌ఎంపీ లేదా డీఓసీపీ అని ఉంటుంది, అది ఎనేబుల్ చేసి సేవ్ కొట్టండి. డబ్బు ఖర్చు లేని అప్‌గ్రేడ్ ఇది.

ఇప్పుడు కొనాలంటే?

పైన రాసిన ర్యామ్ రేటు చూసి ఇప్పుడు షాపుకి వెళ్తే షాక్ తింటారు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు రెట్టింపు దాటిపోయాయి. ఎస్ఎస్‌డీలు కూడా పెరిగాయి. కారణం ఏఐ డేటా సెంటర్లు. మెమరీ కంపెనీలు తమ ఉత్పత్తిని వాటివైపు మళ్లిస్తున్నాయి. క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకి ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మిన మైక్రాన్ అయితే ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది.

అయినా లెక్క అదే. ర్యామ్ తర్వాత తగిలించుకోగలిగేది కాబట్టి, ఇప్పటికి 8 జీబీ స్టిక్ ఒక్కటే పెట్టి రెండో స్లాట్ ఖాళీగా వదిలేయండి. గేమ్స్ నెమ్మదిస్తాయి, బ్రౌజర్‌లో ట్యాబులు తగ్గించుకోవాలి. కానీ ఫస్టియర్ కోడింగ్ ఆగదు. ఎవరి పాత సిస్టమ్‌లోనైనా డీడీఆర్4 స్టిక్స్ ఉంటే అడగండి. ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నా పెద్ద రిస్క్ ఉండదు, అమ్మేవాళ్ల ముందే మెమ్‌టెస్ట్ నడిపి చూసుకోండి. పవర్ సప్లై మాత్రం ఎప్పుడూ సెకండ్ హ్యాండ్ వద్దు. ర్యామ్ ఖర్చు సర్దడానికి పవర్ సప్లైని తగ్గించారంటే నా 2017 కథ మళ్లీ మొదలైనట్టే.

బడ్జెట్ 20 వేల లోపే అయితే కొత్తదానికోసం పట్టుబట్టకండి. ఆఫీసుల్లో వాడి తీసేసిన బ్రాండెడ్ సిస్టమ్స్‌లో ఎనిమిదో జనరేషన్ ఐ5 లేదా ఆ పైవి వెతకండి. విండోస్ 11 నడుస్తుంది, చదువుకి సరిపోతుంది. చాలావాటిలో పవర్ సప్లై, కనెక్టర్లు వాటికే ప్రత్యేకంగా ఉంటాయి కాబట్టి పెద్ద గ్రాఫిక్స్ కార్డు ప్లాన్ మాత్రం పెట్టుకోవద్దు.

తమ్ముడి పీసీ ఫస్ట్ సెమిస్టర్ అంతా ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు చూస్తే అదే సిస్టమ్‌లో బాబాయ్ షెడ్డుకి సంబంధించిన స్పేర్ పార్ట్స్ లెక్కలు స్ప్రెడ్‌షీట్‌లో ఉన్నాయి. ఎవరు చేశారని అడిగితే తమ్ముడు సిగ్గుపడుతూ నవ్వాడు. బాబాయ్ మాత్రం ఆ నెల చీటీ కంతు కట్టడానికి బయల్దేరుతున్నాడు.

"ఇంకెన్ని కంతులున్నాయి బాబాయ్?" అన్నా.

"పద్నాలుగు. పర్లేదులే, వస్తువు మంచిది."