పసుపు పొడికి ఏ బండి? డీజిల్ వ్యాన్ అంకెల్లోని విజ్ఞానం

ఆర్మూరు చుట్టుపక్కల పండిన పసుపు ఏటా నిజామాబాద్ మార్కెట్ యార్డు బాట పడుతుంది. కొమ్ములైతే ట్రాలీలో బస్తాలకెత్తి, పైన టార్పాలిన్ కప్పితే సరిపోతుంది. పొడి పట్టించి ప్యాకెట్లు కట్టాక మాత్రం తడీ ఎండా రెండూ శత్రువులే. తేమ తగిలితే బూజు పడుతుంది. పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ వెలుతురుకు క్షీణిస్తుంది. అందుకే పొడి వ్యాపారికి అన్ని వైపులా రేకుతో మూసిన వ్యాన్ కావాలి.

అలాంటి బండే 2021లో వచ్చిన టాటా వింగర్ కార్గో. కంపెనీ లెక్కల్లో దాని డీజిల్ ఇంజను 2.2 లీటర్లు, శక్తి 100 హార్స్‌పవర్, టార్క్ 200 న్యూటన్ మీటర్లు, మోయగల సరుకు 1,680 కిలోలు.

కొనేవాళ్ల చూపు ముందు హార్స్‌పవర్ మీద పడుతుంది. కానీ నిండు లోడుతో ఆగిన బండిని కదిలించేది టార్క్, అంటే ఇరుసును తిప్పే బలం. టార్క్‌ను ఇంజను తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేదే శక్తి. ఈ ఇంజను నిమిషానికి 1,000 చుట్ల నుంచి 3,500 చుట్ల దాకా అదే 200 టార్క్ ఇస్తుంది. లెక్క కడితే 1,000 చుట్ల దగ్గర దాని శక్తి 28 హార్స్‌పవరే. 100 అందేది 3,500 దాటాకే. ఊరి బాటలో లోడుతో కదిలేటప్పుడు ఆ 100 మనకు అక్కరకు రాదు, మొదటి నుంచీ అందే 200 టార్కే లాగుతుంది.

తక్కువ చుట్లలోనే ఈ బలం ఎలా వస్తుంది? డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండరులో గాలిని గట్టిగా నొక్కితే అది బాగా వేడెక్కుతుంది. అందులోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. టర్బో అదనంగా గాలిని తోస్తుంది కాబట్టి తక్కువ చుట్లలోనే ఎక్కువ ఇంధనం మండి, బలం పుడుతుంది.

ఇక జాగా. లోపలి పొడవు 3.24 మీటర్లు, వెడల్పు 1.64, ఎత్తు 1.9. అంటే దాదాపు 10 ఘనపు మీటర్లు. 50 కిలోల బస్తాలు 33 వేస్తే బరువు పరిమితి అయిపోతుంది, జాగా మాత్రం చాలా మిగులుతుంది. ఖాళీ ఉంది కదా అని ఇంకా నింపడమే ప్రమాదం. బ్రేకు ఆపాల్సిన గతిజ శక్తి బరువుతో పాటు పెరుగుతుంది, వేగం వర్గంతోనూ పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల నుంచి 80కి వెళితే అది సుమారు 1.8 రెట్లవుతుంది.

ఈ బండిని లాగేవి ముందు చక్రాలు. వెనక్కి పొడవాటి షాఫ్టు అక్కర్లేదు కనుక బండి లోపలి నేల కిందికి ఉండి, బస్తాలు ఎత్తడం సులువు. అయితే బరువంతా వెనకే పేరిస్తే బురద ఎక్కుడులో ముందు చక్రాలు పట్టు తప్పుతాయి. బరువైన బస్తాలు డ్రైవరు క్యాబిన్ వైపే సర్దాలి.

పొడి వ్యాపారం చేసే రైతు సంఘాలు, చిన్న మిల్లుల వాళ్లు బండి కొనేముందు మూడు అంకెలు అడగండి: తక్కువ చుట్లలో అందే టార్క్, మోసే బరువు, లోపలి కొలతలు. హార్స్‌పవర్ ఆ తర్వాతే.