విటమిన్ వేషం వేసుకున్న మందు

పసుపు కొమ్మును విరిచి చూసి సరుకు మంచిదో కాదో చెప్పే రైతులు మా ఆర్మూరు దిక్కు కోకొల్లలు. శరీరంలోని కణానికి ఆ తెలివి లేదు మిత్రులారా! విటమిన్ పోలికలో నకిలీ సరుకు ఇస్తే నిజమనుకొని పట్టుకుంటుంది. కొన్ని రక్త క్యాన్సర్లకు ఇచ్చే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ పనంతా ఈ మోసం మీదనే నడుస్తుంది.

దీని పుట్టుకలో మన తెలుగువాని చెయ్యి ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించారు. అక్కడే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేశారు. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఆ జాతి పదార్థాలను లుకేమియా పిల్లలకు ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్లు తోచింది. ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారేమో. ఆయన తిరగేసి ఆలోచించారు: జబ్బు కణానికి అది అందకుండా చేస్తే? సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లంలో ఒక హైడ్రాక్సిల్ స్థానంలో అమైనో సమూహాన్ని పెట్టి అమైనోప్టెరిన్ చేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. కొన్ని నెలలే అనుకోండి, అంతకుముందు ఆ నెలలు కూడా లేవు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు 53 ఏళ్ళకే కన్నుమూశారు. మెథోట్రెక్సేట్ ఆ అమైనోప్టెరిన్‌కు తోబుట్టువు. తేడా ఒక్క మిథైల్ సమూహం.

కణం రెండుగా చీలాలంటే ముందు డి.ఎన్.ఎ. తయారు కావాలి. దానికి ఫోలిక్ ఆమ్లాన్ని పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైమ్ ఒకటున్నది. మెథోట్రెక్సేట్ వెళ్ళి ఆ ఎంజైమ్‌లో తిష్ఠ వేస్తుంది. పని ఆగిపోతుంది. కలుపుమందు పైరును కూడా కాస్త మాడ్చినట్టే, మంచి మూలుగ కణాలకూ నోటి పొరకూ దెబ్బ తగులుతుంది. అందుకే మాటిమాటికీ రక్తపరీక్షలు. రక్తంలోంచి మెదడుకు ఈ మందు సరిగా చేరదు కనుక వెన్నులోని ద్రవంలోకి కూడా ఎక్కిస్తారు.

ఈ ఇంజెక్షన్ రంగు కూడా పసుపే! అంతమాత్రాన చుట్టరికం లేదు. పసుపు తింటే రక్త క్యాన్సర్ పోతుందని చెప్పేవాళ్ళు మా దిక్కు ఉన్నరు. కుర్కుమిన్ మీద ప్రయోగశాలల్లో పని జరిగిన మాట నిజమే. కానీ అది ఒంటికి పట్టేది బహు కొద్ది, లుకేమియా నయమైనట్లు రుజువు లేదు. పిల్లల లుకేమియాకు చికిత్స రెండు మూడేళ్ళు సాగుతుంది. ఒళ్ళు తేరుకుందని నడుమ మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. వారానికొకసారి వేసుకోమన్న మెథోట్రెక్సేట్ మాత్రలు రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. బలానికని డాక్టరును అడగకుండా ఫోలిక్ మాత్రలు మింగడమూ తగదు: మందు ఆపాలని చూస్తున్నది సరిగ్గా ఆ సరఫరానే.