నూనె కింద దాగిన బోల్టు

అమెరికాలో 1995 దాకా టయోటా అమ్మిన చిన్న ట్రక్కుకు ప్రత్యేకంగా పేరంటూ లేదు. మిగతా ప్రపంచం హైలక్స్ అని పిలిచిన బండినే అక్కడ ఉత్త ‘పికప్’ అని అమ్మారు. ముప్ఫై ఏళ్లు దాటినా ఆ బండ్లు ఇంకా కలప, గడ్డి, పనిముట్లు మోస్తూ తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో చాలావాటి బానెట్ కింద ఉండేది 22ఆర్‌ఈ అనే పెట్రోలు ఇంజన్. నాలుగు సిలిండర్లు, 2,366 సీసీ, పోత ఇనుము బ్లాకు, దాని మీద అల్యూమినియం హెడ్డు. మొండి ఇంజన్ అని దానికి పేరు. ఆ పేరు నమ్ముకుని యజమానులు రేడియేటర్‌ని పట్టించుకోవడం మానేస్తారు. ఏదో ఒక వేసవిలో, ఎత్తు ఎక్కుతుండగా, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటుతుంది. హెడ్ గాస్కెట్ పోతుంది.

అమెరికాలో మెకానిక్ కూలి గంటల లెక్క. హెడ్డు దించి, ఎక్కించే ఖర్చు పాత బండి విలువకు దగ్గరగా వచ్చేస్తుంది కాబట్టి చాలామంది ఇంటి గరాజ్‌లోనే ఆ పనికి దిగుతారు. మన దగ్గర ఆ అవసరం తక్కువ. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట విప్పేవాళ్లు, ఫేసింగ్ కొట్టేవాళ్లు, గాస్కెట్లు అమ్మేవాళ్లు అంతా పక్కపక్కనే దొరుకుతారు. అయినా ఈ పని ఎలా సాగుతుందో తెలిసి ఉంటే మెకానిక్‌ని అడగాల్సిన ప్రశ్న అడగగలం. సొంతంగా చేసుకునేవాళ్లు ముందే ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. కొత్త గాస్కెట్ వేయడానికే హెడ్డు దించుతున్నాం అనుకుంటే పని సగమే అవుతుంది. పాతది ఎందుకు పోయిందో కళ్లారా చూడటానికి కూడా దించుతున్నాం. ఆ చూడటం ఎగ్గొట్టినవాళ్లు మళ్లీ అదే హెడ్డు దించాల్సి వస్తుంది.

బ్లాకుకీ హెడ్డుకీ మధ్య పలచని గాస్కెట్ ఒక్కటే అడ్డు. సిలిండర్లో మండే వాయువుల్ని, చుట్టూ తిరిగే కూలెంట్‌ని, పైకి వెళ్లే ఇంజన్ ఆయిల్‌ని ఒకదానితో ఒకటి కలవకుండా ఆపాల్సింది అదే. పైగా వేడికి అల్యూమినియం పోత ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. బండి స్టార్ట్ చేసి ఆపిన ప్రతిసారీ పైనున్న హెడ్డు, కిందున్న బ్లాకు ఒకే కొలతలో పెరగవు, తగ్గవు. ఆ కొద్దిపాటి రాపిడిని గాస్కెట్ ఏళ్ల తరబడి ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది అతివేడిని. ఒక్కసారి ఇంజన్ బాగా కాలిందంటే హెడ్డు వంగిపోవచ్చు. అప్పుడు గాస్కెట్ మీద నొక్కు అన్నిచోట్లా సమానంగా ఉండదు. నొక్కు తగ్గిన చోట మంట దారి చేసుకుంటుంది.

బయటికి కనిపించే గుర్తులు చాలామందికి తెలిసినవే. సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లటి పొగ వస్తుంది. రేడియేటర్లో బుడగలు లేస్తాయి. ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోతూ ఉంటుంది. కంప్రెషన్ గేజ్ పెడితే పక్కపక్క సిలిండర్లు రెండింటిలో తక్కువ చూపిస్తుంది. ఆయిల్ మజ్జిగలా తెల్లబడటం కూడా ఈ జాబితాలోదే, కానీ ఈ ఇంజన్ విషయంలో అక్కడ ఒక మెలిక ఉంది. క్యామ్‌షాఫ్ట్‌ని తిప్పే టైమింగ్ చైన్‌కి రెండు పక్కలా ప్లాస్టిక్ పొర ఉన్న గైడ్లు ఉంటాయి. అమెరికా బండిలో డ్రైవర్ వైపు, అంటే ఎడమ వైపు గైడ్ పాతబడి విరిగితే, వదులైన చైన్ టైమింగ్ కవర్ లోపలి గోడను ఒరుసుకుంటూ తిరుగుతుంది. ఆ గోడ అవతల కూలెంట్ దారి ఉంది. గోడకు చిల్లు పడితే కూలెంట్ నేరుగా ఆయిల్లోకి దిగుతుంది. హెడ్ గాస్కెట్ నిక్షేపంగానే ఉంటుంది, నింద మాత్రం దాని మీద పడుతుంది. అందుకే ఆయిల్ తెల్లబడిందని గాస్కెట్ ఒక్కటే కొనుక్కొచ్చి పనికి దిగకండి.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి. సాయంత్రం ఆపిన బండికి మర్నాడు పొద్దున చేయి పెట్టడం మంచిది, ఎందుకంటే వేడి మీద బోల్టులు విప్పితే మంచి హెడ్డు కూడా వంగుతుంది. బ్యాటరీ నెగెటివ్ తీగ ముందు తీసేయాలి. కూలెంట్‌ని రేడియేటర్ నుంచీ, బ్లాకు నుంచీ కూడా దించి మూత ఉన్న డబ్బాలో పట్టాలి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలూ పిల్లులూ నాకితే చచ్చిపోతాయి, చిన్నపిల్లలకూ అంతే ప్రమాదం. మరొక జాగ్రత్త అమెరికా ఇళ్లకే ప్రత్యేకం. అక్కడ చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ గరాజ్‌లోనే ఉంటుంది. పాత రకం హీటర్లలో పైలట్ మంట రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉంటుంది. పెట్రోలు లైను విప్పే ముందు దాన్ని ఆర్పి తీరాలి. ఇంజన్ ఆగి చాలాసేపైనా ఇంజెక్షన్ లైనులో ఒత్తిడి మిగిలి ఉంటుంది కాబట్టి కళ్లద్దాలు పెట్టుకుని, జాయింటు చుట్టూ గుడ్డ కప్పి, నెమ్మదిగా వదులు చేయాలి.

తర్వాతి పని విసుగు పుట్టించేది. ఇంటేక్ ప్లీనమ్ చుట్టూ వ్యాక్యూమ్ గొట్టాలు, కూలెంట్ గొట్టాలు, తీగల కనెక్టర్లు అల్లుకుని ఉంటాయి. ప్రతి గొట్టానికీ, అది ఊడి వచ్చిన మూతికీ ఒకే నంబరు రాసిన టేపు అంటించాలి. ఫోన్‌తో ఫొటోలు తీసినా టేపు మానకూడదు, చీకటి మూల తీసిన ఫొటోలో ఏ గొట్టం ఏదో తేలదు. ప్లీనమ్‌ని తీసేసి, దాని కిందున్న ఇంటేక్ మానిఫోల్డ్‌ని మాత్రం హెడ్డుతోనే ఉంచేయడం నా సలహా. దాని కింది బోల్టులు బండి మీద ఉండగా చేతికి అందవు, బల్ల మీదైతే సులువుగా వస్తాయి. హెడ్డు బరువు పెరుగుతుంది గనుక ఎత్తేటప్పుడు ఇంకో మనిషి సాయం కావాలి. ఎగ్జాస్ట్ పైపు నట్లు తుప్పు పట్టి ఉంటాయి. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో మరీనూ. తుప్పు వదిలించే ఆయిల్ ముందురోజు రాత్రే పోసి నాననిస్తే తెగకుండా వస్తాయి.

వాల్వ్ కవర్ తీశాక క్రాంక్ పుల్లీని తిప్పుతూ దాని గీతను సున్నా గుర్తుకు తేవాలి. మొదటి సిలిండర్ కంప్రెషన్ స్ట్రోక్ పైకొసలో ఉంటే దాని రాకర్లు రెండూ వేళ్లతో కదిపితే కాస్త ఆడతాయి. ఆడకపోతే ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. అక్కడ డిస్ట్రిబ్యూటర్ రోటార్ ఎటు చూస్తోందో గుర్తు పెట్టుకుని దాన్ని బయటికి తీయాలి. తర్వాత క్యామ్ స్ప్రాకెట్ ఒక పన్ను దగ్గర, దాని మీద కూర్చున్న చైన్ లింకు దగ్గర పెయింటుతో చుక్కలు పెట్టి, రెండింటినీ తీగతో కలిపి కట్టేయాలి. ఆ తర్వాతే మధ్య బోల్టు విప్పి, డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పే గేరుని తీసి, స్ప్రాకెట్‌ని క్యామ్ నుంచి ముందుకు లాగాలి. ఇక్కడి నుంచి చైన్ కిందికి జారకుండా చూసుకోవాలి. అది లోపలికి పడితే టైమింగ్ కవర్ విప్పే పని నెత్తిన పడుతుంది.

ఇప్పుడు హెడ్డు ముందుభాగంలో, స్ప్రాకెట్ ఉన్న చోట, చిన్న గుంట కనిపిస్తుంది. అందులో నల్లటి ఆయిల్ నిలిచి ఉంటుంది. మామూలుగా చూస్తే అక్కడ ఆయిల్ తప్ప ఏమీ లేదు. గుడ్డతో అద్ది గుంట ఆరబెట్టండి. అడుగున ఒక బోల్టు తల బయటపడుతుంది. అది హెడ్డుని బ్లాకుకు పట్టే బోల్టు కాదు, కిందున్న టైమింగ్ కవర్‌కు పట్టేది. పెద్ద బోల్టులన్నిటికంటే ముందు దీన్నే తీయాలి. ఈ ఇంజన్ మీద ఎక్కువ నష్టం జరిగేది ఈ ఒక్క బోల్టు తెలియకే. పది హెడ్ బోల్టులూ విప్పేసి, అయినా హెడ్డు కదలకపోతే గాస్కెట్ అతుక్కుపోయిందని గునపం పెట్టి పైకి లేపబోతారు. వెనుకవైపు లేస్తుంది, ముందువైపు లేవదు. ఇంకా బలం పెడితే టైమింగ్ కవర్ పగులుతుంది. ఏ ఇంజన్‌కైనా ఇదే లెక్క. రావాల్సిన భాగం రాలేదంటే ఎక్కడో ఇంకో బోల్టు మిగిలి ఉందని అనుమానించి, గునపం పక్కన పెట్టి మళ్లీ వెతకాలి.

పది హెడ్ బోల్టుల్ని ఒక్కొక్కటిగా పూర్తిగా తీసేయకూడదు. ఒక్కోటి 78 న్యూటన్ మీటర్ల బిగువుతో హెడ్డుని అదిమి పట్టుకుని ఉంటుంది. ఒక కొసన అన్నీ వదిలేస్తే రెండో కొసన బిగువు మిగిలి హెడ్డు మెలిపడుతుంది. రెండు కొసల నుంచి మొదలుపెట్టి, ఎదురుబొదురుగా మధ్యకు వస్తూ, మూడు విడతల్లో కొంచెం కొంచెంగా వదులు చేయాలి. బిగించేటప్పుడు మధ్యలో మొదలై కొసలకు వెళ్తాం, విప్పేటప్పుడు సరిగ్గా దానికి తిరగేసి. రాకర్ల చట్రాన్ని పట్టి ఉంచేవి కూడా ఈ బోల్టులే కాబట్టి అవి వదులవగానే చట్రం మొత్తం పైకి వస్తుంది. బోల్టుల్ని దానిలోనే ఉంచి ఎత్తితే రాకర్లు చెదరవు.

హెడ్డుని పక్కకు ఈడవకుండా నిట్టనిలువుగా ఎత్తాలి, బ్లాకు మీద డోవెల్ పిన్నులు ఉంటాయి. అతుక్కుని ఉంటే బయటికి పొడుచుకొచ్చిన భాగాల దగ్గర మాత్రమే మెల్లగా పైకి లేపాలి. రెండు ముఖాల మధ్యలో స్క్రూడ్రైవర్ దూర్చితే పడే గీత వెంబడే రేపు కూలెంట్ కారుతుంది. బల్ల మీద దించేటప్పుడు రెండు కొసలా చెక్కదిమ్మెలు పెట్టాలి. క్యామ్ ఇంకా లోపలే ఉంది, కొన్ని వాల్వులు తెరుచుకుని ముఖం దాటి బయటికి వచ్చి ఉంటాయి. నేరుగా బల్ల మీద పెడితే హెడ్డు బరువంతా వాటి మీద పడి వంగుతాయి.

తుడవడానికి తొందరపడకండి, ముందు చూడండి. గాస్కెట్‌లో సిలిండర్ చుట్టూ ఉండే లోహపు వలయం ఎక్కడ నల్లగా కాలి తెగిందో అక్కడే మంట దాటింది. కూలెంట్ కారిన సిలిండర్లో పిస్టన్ తల మీద మసి ఉండదు, ఆవిరి కడిగేసి మెరుస్తూ ఉంటుంది. పక్కనున్న మూడూ నల్లగా, అది ఒక్కటే తెల్లగా కనిపిస్తే దోషి దొరికినట్టే. తర్వాత టైమింగ్ కవర్ లోపలికి టార్చి వేసి ఎడమ గోడ చూడండి. చైన్ కోసిన గాడి ఉన్నా, గైడ్ విరిగి ఉన్నా కవర్, చైన్, గైడ్లు మార్చక తప్పదు.

మెత్తటి స్క్రేపర్‌తో ముఖం శుభ్రం చేశాక దాని మీద తిన్నని ఉక్కు బద్ద ఆనించి, కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడాలి. నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు అన్ని దిక్కులా కొలవాలి. టయోటా ఈ హెడ్డుకు ఇచ్చిన పరిమితి 0.15 మిల్లీమీటర్లు. మామూలు తెల్ల కాగితాలు రెండు కలిపితే అంతకంటే మందం ఉంటాయి. దాటితే ఫేసింగ్ కొట్టించాలి, అంటే ఆ ముఖాన్ని మళ్లీ చదును చేయించాలి. దాటకపోయినా, బండి కాలిన మాట నిజమైతే, మెషీన్ షాపులో ప్రెషర్ టెస్ట్ చేయించండి. వాల్వుల మధ్య సన్నని పగులు కంటికి ఆనదు. బ్లాకు ముఖాన్ని రాపిడి డిస్కులతో రుద్దకండి, ఆ పొడి ఆయిల్లో కలిసి బేరింగుల్ని తినేస్తుంది. బోల్టు రంధ్రాల్లో నిలిచిన ఆయిల్, కూలెంట్ పూర్తిగా తీసేయాలి, లేకపోతే బోల్టు దిగేటప్పుడు ఆ ద్రవం పోయే దారిలేక బ్లాకు పగలవచ్చు.

హెడ్డు మెషీన్ షాపులో ఉన్న రోజుల్లోనే రేడియేటర్లో నీరు ధారాళంగా పారుతోందా, థర్మోస్టాట్ వేడినీళ్లలో తెరుచుకుంటోందా, ఫ్యాన్ క్లచ్ పట్టుకుంటోందా, వాటర్ పంపు కారుతోందా తేల్చుకోండి. హెడ్డు దించినప్పుడు కూలెంట్ ఆయిల్ పాన్‌లోకి తప్పకుండా పడి ఉంటుంది కాబట్టి ఆయిల్, ఫిల్టర్ మార్చకుండా ఇంజన్ తిప్పకండి. కొత్త గాస్కెట్ పెట్టేటప్పుడు బ్లాకు, టైమింగ్ కవర్ కలిసే రెండు ముందు మూలల్లో మాత్రం కొద్దిగా సీలెంట్ వేయాలి. చివర్న ఇంజన్ వేడెక్కాక వాల్వ్ క్లియరెన్స్ సరిచేయాలి. ఇంటేక్‌కి 0.20, ఎగ్జాస్ట్‌కి 0.30 మిల్లీమీటర్లు.